కొలంబియన్–బొలీవియన్ హోటల్లో భోజనం: ఎప్పుడు వెళ్లాలి, ఏం అడగాలి, ఎలా తినాలి

వర్జీనియాలో అర్లింగ్టన్, ఫాల్స్ చర్చ్, అన్నాండేల్ వైపు తిరిగేవాళ్లకు ఈ బోర్డులు కొత్త కాదు. ఒకే హోటల్ ముందు రెండు జెండాలు ఉంటాయి. ఒకటి పసుపు–నీలం–ఎరుపు, రెండోది ఎరుపు–పసుపు–ఆకుపచ్చ. మొదటిది కొలంబియా, రెండోది బొలీవియా. అమెరికాలో బొలీవియన్లు అందరికంటే ఎక్కువగా స్థిరపడింది వాషింగ్టన్ చుట్టుపక్కలే, ముఖ్యంగా ఉత్తర వర్జీనియాలో. వాళ్లలో చాలామందిది కొచబాంబా ప్రాంతం. అక్కడికి కాస్త దూరంలో యాష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీలలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అయినా మనవాళ్లు ఈ హోటళ్లలో అంతగా కనిపించరు. ‘బీఫ్ తప్ప ఏమీ ఉండదేమో’, ‘మెనూ అర్థం కాదు’, ‘టాకోలు ఉంటాయనుకుని వెళ్లాం, లేవు’ అనే మాటలే వినిపిస్తాయి.

టాకోలు ఉండవు. అది మెక్సికో తిండి. కొలంబియా, బొలీవియా దక్షిణ అమెరికా దేశాలు. ఆ రెండింటికీ కూడా ఒకదానితో ఒకటి సరిహద్దు లేదు, వంటలూ వేరు. ఒకే కప్పు కింద రెండూ దొరకడానికి కారణం సాధారణంగా ఆ ఇంటి సంగతే. భార్యది ఒక దేశం, భర్తది ఇంకో దేశం అయ్యుండొచ్చు. లేదా ఒక దేశపు వంటతో మొదలుపెట్టి, పేటలో ఉన్న రెండో దేశం వాళ్ల కోసం మెనూ పెంచి ఉండొచ్చు.

ఈ హోటళ్ల గురించి నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఇక్కడ భోజనం బాగుండటం అన్నది మీరు ఏ వంటకం ఎంచుకున్నారు అన్నదానికంటే, ఏ పూట, ఏ రోజు వెళ్లారు అన్నదాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. రెండు దేశాల్లోనూ పొద్దున తినేది పొద్దునే, మధ్యాహ్నం తినేది మధ్యాహ్నమే, ఆదివారం వండేది ఆదివారమే. మెనూలో అన్నీ అన్ని వేళలా ఉన్నట్టు రాసి ఉన్నా వంటగది మాత్రం ఆ పాత లెక్కే పాటిస్తుంది.

1. ముందు పూట చూసుకోండి

బొలీవియన్ వంటల్లో అన్నింటికంటే పేరున్నది సాల్తేన్యా. లోపల రసం ఉండే, ఓవెన్‌లో కాల్చిన పెద్ద కజ్జికాయ ఆకారపు తినుబండారం. బొలీవియాలో దీన్ని పొద్దున టిఫిన్‌కీ మధ్యాహ్న భోజనానికీ మధ్యలో, పది నుంచి పన్నెండు లోపు తింటారు. అక్కడ సాల్తేన్యా దుకాణాలు చాలావరకు మధ్యాహ్నానికే మూసేస్తారు. అమెరికాలో సాయంత్రం కూడా అమ్ముతారు కానీ, పొద్దున ఓవెన్ నుంచి తీసినదానికీ, గాజు పెట్టెలో గంటల తరబడి వేడిగా ఉంచినదానికీ చాలా తేడా ఉంటుంది. రెండోదాంట్లో రసాన్ని పిండి పీల్చేసుకుంటుంది. కాబట్టి సాల్తేన్యా కోసమైతే శనివారం పదిన్నరకి వెళ్లండి. ఒంటిగంట దాటితే అయిపోయే అవకాశం ఎక్కువ.

కొలంబియన్ పొద్దుటి తిండి కోసమైనా అదే వేళ మంచిది. కలెంతాదో అంటే రాత్రి మిగిలిన రాజ్మా, అన్నం కలిపి పెనం మీద వేడిచేసి, గుడ్డు, అరేపా అనే మొక్కజొన్న రొట్టెతో పెట్టేది. పాందెబోనో, అల్మొహాబానా అనే చీజ్ రొట్టెలు కూడా పొద్దునే తాజాగా వస్తాయి. పాందెబోనోని కర్రపెండలం పిండి, చీజ్‌తో చేస్తారు. వేడిగా ఉన్నప్పుడు లోపల సాగుతూ మెత్తగా ఉంటుంది, గంట తర్వాత గట్టిపడుతుంది. బేకరీ ఉన్న హోటల్ అయితే ‘ఇప్పుడే తీసినవి ఏవి?’ అని అడగటానికి మొహమాటపడకండి.

వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్తే పూట భోజనం దొరికే చోటు చూసుకోండి. ముందు ఒక సూప్, తర్వాత అన్నం, మాంసం, కూరగాయలతో ఒక ప్లేటు. రెండు దేశాల్లోనూ మధ్యాహ్న భోజనం ఇదే వరసలో సాగుతుంది. ధర తక్కువ, వంట ఆ రోజుది. మెనూ కార్డులో ఉండకపోవచ్చు, గోడ మీద పలక మీదో కౌంటర్ దగ్గర కాగితం మీదో రాసి ఉంటుంది.

శని, ఆదివారాలది వేరే కథ. గంటలు పట్టే వంటలు ఆ రోజుల్లోనే పొయ్యెక్కుతాయి. బొలీవియాలో లా పాజ్ వైపు వాళ్ల ఫ్రికసే అంటే పసుపు మిరప వేసిన పంది మాంసం పులుసు. కొలంబియన్ల సాంకోచో అంటే కోడి, కర్రపెండలం, పచ్చి అరటి, మొక్కజొన్న కండె కలిపి ఉడికించే చిక్కటి సూప్. అరటాకులో చుట్టి ఆవిరిపై వండిన తమాల్ కూడా ఆదివారం పొద్దుటిదే. వెళ్లేముందు ఫోన్ చేసి ‘ఇవాళ ప్రత్యేకంగా ఏం వండారు?’ అని అడిగితే చాలు, మీకు సగం పని తగ్గుతుంది.

2. వంటగది ఏ దేశానిదో కనుక్కోండి

రెండు జెండాలు ఉన్నా వంటగదిలో చేయి ఎక్కువగా ఒక దేశానిదే అయి ఉంటుంది. కౌంటర్ దగ్గర గాజు పెట్టెలో సాల్తేన్యాలు నిలువుగా వరసగా ఉంటే, చుట్టుపక్కల బల్లల మీద సిల్పాంచో ప్లేట్లు (అన్నం మీద పల్చటి మాంసం పొర, గుడ్డు) కనిపిస్తే అక్కడ బొలీవియన్ వంట బలం. ఎదురుగా పెనం మీద అరేపాలు కాలుతూ, రాజ్మా గిన్నెలు బయటికి వస్తుంటే కొలంబియన్ వంట. ‘వంట చేసేవాళ్లది ఏ ఊరు?’ అని అడగండి. ఈ ప్రశ్న అడిగితే వాళ్ల ముఖం విప్పారుతుంది. బొలీవియాలో కొచబాంబా అంటే సోపా దె మనీ అనే పల్లీల సూప్, సిల్పాంచో తినండి. శాంతా క్రూస్ అంటే కర్రపెండలం వంటకాలు. కొలంబియాలో మెదెయీన్ వైపు అంటే రాజ్మా, అరేపా. కాలీ అంటే పాందెబోనో, లూలో అనే పుల్లటి పండు రసం. కరీబియన్ తీరం అంటే చేప, కొబ్బరి అన్నం.

3. బీఫ్ తిననివాళ్లు, శాకాహారులు కూర్చోకముందే తేల్చుకోవాల్సినవి

మనవాళ్లకు ఇదే అన్నింటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం విడమరిచి రాస్తున్నాను.

స్పానిష్‌లో ‘కార్నె’ అంటే మాంసం. రోజువారీ మాటల్లో మాత్రం చాలామందికి ఆ మాట వినగానే బీఫ్ గుర్తొస్తుంది. అందుకే ‘సిన్ కార్నె’, అంటే కార్నె వద్దు అని చెబితే చికెన్ వేసి తెచ్చే ప్రమాదం ఉంది. పూర్తి శాకాహారులు ఒక్కొక్కటీ విడిగా చెప్పాలి. ‘సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అంటే మాంసం, కోడి, చేప ఏవీ వద్దని. తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఇందులో ‘మంతేకా’, అంటే పంది కొవ్వు ఉందా? సూప్ ఏ నీళ్లతో చేశారు? ఎందుకంటే చూడటానికి కూరగాయల సూప్‌లా ఉన్నా కింద ఎముకల రసం ఉంటుంది. కొలంబియన్ రాజ్మా చూసి సంబరపడతాం కానీ, దాన్ని చాలా చోట్ల పంది మాంసం ముక్కలతోనే ఉడికిస్తారు. వేపుడు నూనె కూడా అడగాల్సిందే. చికెన్ వేయించిన నూనెలోనే కర్రపెండలం ముక్కలు వేయించడం మామూలు.

సాల్తేన్యా విషయంలో ఇంకో మెలిక ఉంది. లోపలి రసం గడ్డకట్టడానికి జెలటిన్ వాడతారు, అది జంతువుల నుంచి వచ్చేది. మాంసం లేని సాల్తేన్యా అని మెనూలో ఉన్నా జెలటిన్ సంగతి అడిగాకే తీసుకోండి.

ఇక ధైర్యంగా అడగగలిగేవి కూడా తక్కువేమీ కావు. బొలీవియన్ వైపు నుంచి ప్లాతో పసేన్యో అడగండి. ఉడికించిన మొక్కజొన్న కండె, తొక్కతో ఉడికిన బంగాళదుంప, పెద్ద బీన్స్ గింజలు, పైన పెనం మీద వేయించిన చీజ్ ముక్క, పక్కన కారం పచ్చడి. ఇంతే. మసాలా ఏమీ లేకుండా ఒక్కో వస్తువు రుచి విడిగా తెలిసే ప్లేటు ఇది. కొందరు దీనికి మాంసం కూడా చేరుస్తారు కాబట్టి చీజ్ ఒక్కటే చాలని చెప్పాలి. కున్యాపే అనే కర్రపెండలం–చీజ్ రొట్టె, సోన్సో అనే కర్రపెండలం–చీజ్ ముద్దను కాల్చింది, పచ్చి మొక్కజొన్న పిండిని పొత్తిలో చుట్టి వండిన ఉమింతా కూడా ఉంటాయి. ఉమింతాలో మంతేకా పడే అవకాశం ఉంది, అడగండి.

కొలంబియన్ వైపు నుంచి చీజ్ అరేపా, తీపి మొక్కజొన్నతో చేసిన అరేపా దె చోక్లో, పచ్చి అరటికాయను రెండుసార్లు వేయించి అదిమిన పతకోనెస్, బాగా పండిన అరటిపండు వేపుడు మదూరోస్, కర్రపెండలం వేపుడు తీసుకోవచ్చు. పతకోనెస్ మీదికి ఒగావ్ అడగండి. టమాటా, ఉల్లికాడలు నూనెలో మెల్లగా మగ్గించిన ముద్ద అది. గుడ్డు తినేవాళ్లకు టమాటా, ఉల్లికాడలతో చేసిన వెవోస్ పెరీకోస్ ఉంది. నలుగురు శాకాహారులు వెళ్లినా వీటిలో ఐదారు తెప్పించుకుని పంచుకుంటే కడుపు నిండుతుంది.

బీఫ్ వద్దు, చికెన్ పర్వాలేదు అనేవాళ్లకు దారి సులువు. ‘రెస్’ అంటే బీఫ్, ‘సెర్దో’ అంటే పంది, ‘పోయో’ అంటే కోడి అని గుర్తుపెట్టుకోండి. అహియాకో, సాంకోచో దె గయీనా, బొలీవియన్ సాహ్తా దె పోయో కోడి వంటకాలు. మొక్కజొన్న పిండి పొరలో కూరి వేయించే కొలంబియన్ ఎంపనాదాలు మాత్రం బీఫ్‌వీ చికెన్‌వీ పైకి ఒకేలా కనిపిస్తాయి. బల్ల మీదికి వచ్చాక ఏది ఏదో మళ్లీ అడిగి, విడి ప్లేట్లలో పెట్టించుకోండి. సిల్పాంచో, పీకె మాచో బీఫ్‌తో చేసేవి. కొన్ని చోట్ల సిల్పాంచోని చికెన్‌తో కూడా చేస్తారు. హలాల్ పాటించేవాళ్లకు చేపే సులువైన దారి. కొలంబియా తీరపు పద్ధతిలో నిండు చేపను కరకరలాడేలా వేయించి, పతకోనెస్, కొబ్బరి అన్నంతో పెడతారు. అది ఉందేమో కనుక్కోండి.

పల్లీ ఎలర్జీ ఉన్నవాళ్లు బొలీవియన్ వంట దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. సూప్‌లోనే కాదు, కాల్చిన మాంసం పక్కన ఇచ్చే సాస్‌లో కూడా పల్లీలు ఉంటాయి. ‘మనీ’ అన్న మాట వినిపిస్తే అది పల్లీ. గోధుమ పడనివాళ్లకు కొలంబియన్ వైపు సుఖం. అరేపా, ఎంపనాదా పైపొర రెండూ సాధారణంగా మొక్కజొన్నవే. సిల్పాంచోకి రొట్టె పొడి అద్దుతారు, సాల్తేన్యా గోధుమ పిండి.

4. లోపలికి వెళ్లగానే

తలుపు తీస్తూనే ‘బ్వేనాస్ తార్దెస్’ అనండి, పొద్దునైతే ‘బ్వేనోస్ దియాస్’. చిన్న హోటళ్లలో పక్క బల్లవాళ్లకు కూడా ఈ పలకరింపు అలవాటు. తింటున్నవాళ్ల పక్కనుంచి వెళ్తుంటే ‘బ్వెన్ ప్రొవేచో’ అంటారు, మీరూ అనొచ్చు. వాళ్లకు ఇంగ్లిష్ వస్తుంది, అయినా ఈ రెండు మాటలతో పలకరింపు మారిపోతుంది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు అందరికీ తలో ప్లేటు చెప్పకండి. ప్లేట్లు నిజంగా పెద్దవి. ముందు చిన్నవి, అంటే సాల్తేన్యా, ఎంపనాదా, అరేపా మనిషికొకటి. తర్వాత ఇద్దరికి ఒక సూప్. ఆ తర్వాత నలుగురికి రెండు పెద్ద ప్లేట్లు. ఖాళీ ప్లేట్లు, గిన్నెలు ఇమ్మని అడిగితే ఇస్తారు. ఒకేసారి అన్నీ చెప్పకుండా సూప్ అయ్యాక మిగతావి చెప్పడం మేలు.

5. కారం సంగతి

మనవాళ్లు మొదటి ముద్దకే ‘చప్పగా ఉంది’ అంటారు. కొలంబియన్ వంట కారంగా ఉండదు, అలా ఉండాలని వాళ్లు అనుకోరు కూడా. ఉల్లికాడ, టమాటా, కొత్తిమీర, కొంచెం జీలకర్ర, మాంసం ఉడికిన రసం, ఇవే రుచి. కారం విడిగా చిన్న గిన్నెలో వస్తుంది. దాన్ని అహీ అంటారు. కొత్తిమీర, ఉల్లికాడలు, వెనిగర్, నిమ్మరసం, మిరపతో పల్చగా ఉంటుంది. ఎంపనాదాని ఒక్కసారి కొరికి, ఆ కొరికిన చోట చెంచాడు అహీ పోసి తినాలి. ప్రతి ముద్దకీ అలాగే.

బొలీవియన్ బల్ల మీద ఉండేది ల్యాహ్వా. టమాటా, లోకోతో అనే మిరపకాయ, కిర్కిన్యా అనే ఘాటైన ఆకు, ఉప్పు. ఉడికించరు, నూనె వేయరు, పోపు లేదు. బొలీవియా ఇళ్లలో దీన్ని బతాన్ అనే చదునైన రాతి మీద బరువైన రాయిని అటూ ఇటూ దొర్లించి, మన రోటి పచ్చడిలాగే నూరుతారు. మిక్సీలో వేస్తే ఆ రుచి రాదని పెద్దవాళ్లు పట్టుబడతారు. లోకోతోలో గింజలు నల్లగా ఉంటాయి, కండ మందంగా ఉంటుంది. చూడటానికి చిన్న బెల్ పెప్పర్‌లా ఉండి మోసం చేస్తుంది. గుంటూరు కారం తినే అలవాటున్నా, మొదట చెంచా చివరతో రుచి చూసి తర్వాత పోసుకోండి. అమెరికాలో కిర్కిన్యా దొరకని చోట కొత్తిమీర వేస్తారు. కిర్కిన్యాతోనే చేసిన ల్యాహ్వా దొరికితే మాత్రం ఆ వంటగదిని గట్టిగా నమ్మొచ్చు.

సూప్‌లో, అన్నం మీద, బంగాళదుంప మీద, సాల్తేన్యాలో, అన్నింట్లోకీ ల్యాహ్వా వెళ్తుంది. అయిపోతే ఇంకా అడగండి.

6. సాల్తేన్యా తినే పద్ధతి

దీనికి నిజంగానే పద్ధతి ఉంది. లోపల ఏముందో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. మాంసం లేదా కోడి, బంగాళదుంప, బఠాణీలు, మిరప వేసి చిక్కటి రసం చేస్తారు. అందులో జెలటిన్ కలిపి చల్లబరిస్తే రాత్రికి గడ్డకడుతుంది. ఆ గడ్డను పొద్దున కాస్త తియ్యని, నారింజ రంగు పిండి పొరలో పెట్టి, ఉడికించిన గుడ్డు ముక్క, ఒక ఆలివ్, కొన్ని చోట్ల ఎండుద్రాక్ష చేర్చి, అంచును జడలా అల్లుతారు. వేడి ఓవెన్‌లోకి వెళ్లగానే పిండి గట్టిపడుతుంది, లోపలి గడ్డ కరిగి మళ్లీ రసం అవుతుంది. అంటే మీ చేతికి వచ్చేది పిండి గిన్నెలో పోసిన సూప్.

అడ్డంగా పెట్టి ఫోర్కుతో పొడిస్తే ఆ సూప్ మొత్తం ప్లేటు పాలవుతుంది. ఇలా తినండి. జడ ఉన్న అంచు పక్కకు వచ్చేలా, ఒక కొన పైకి ఉండేలా నిలువుగా పట్టుకోండి. పేపర్ నాప్కిన్ కింద చుట్టుకోండి. పై కొనను చిన్నగా కొరకండి. లోపలి నుంచి ఆవిరి పోనివ్వండి, అర నిమిషం ఆగకపోతే నాలుక కాలుతుంది. ఆ కన్నం నుంచి రసం కొంచెం కొంచెం పీల్చండి. రసం తగ్గాక ఇంకొంచెం కొరకండి, మళ్లీ పీల్చండి. మధ్యలో చిన్న చెంచాతో ల్యాహ్వా లోపలికి వేసుకోండి. చెంచా ఇస్తారు, దాంతో లోపలి ముక్కలు తీసుకుని తినడం కూడా పద్ధతే. చివరికి రసం పీల్చి మెత్తబడిన అడుగు పిండి మిగులుతుంది. నాకైతే అదే అన్నింటికంటే ఇష్టం.

ఆలివ్‌లో గింజ ఉండొచ్చు, కోడి సాల్తేన్యాలో చిన్న ఎముక రావొచ్చు. పిల్లలకు ఇచ్చేముందు విప్పి చూడండి. బొలీవియాలో ఒక్క చుక్క కిందపడకుండా తినడం మీద పందేలు వేసుకుంటారు. పిల్లలతో వెళ్తే ఈ పందెం పెట్టండి, కొత్త తిండి అని మొండికేసేవాళ్లు కూడా తింటారు.

7. సూప్ మానేయకండి

హోటల్లో సూప్ అంటే మనకు ఆకలి పెంచడానికి తాగే చిన్న కప్పు. ఇక్కడ సూప్ భోజనంలో సగం.

సోపా దె మనీ అంటే పల్లీల సూప్. పచ్చి పల్లీలను వేయించకుండా నానబెట్టి, పొట్టు తీసి, నీళ్లతో మెత్తగా రుబ్బి, ఎముకల రసంలో చాలాసేపు ఉడికిస్తారు. పాలలా తెల్లగా వస్తుంది. బంగాళదుంప, క్యారట్, బఠాణీ, కొంచెం మాకరోనీ ఉంటాయి. పైన సన్నటి బంగాళదుంప వేపుడు, తరిగిన పార్స్‌లీ ఆకు. వేపుడు మెత్తబడకముందే మొదలుపెట్టాలి. పల్లీ అంటే మనకు వేయించిన వాసన, చట్నీ, ఉండలు. వేయించని పల్లీలో ఇంత మెత్తని, చిక్కటి రుచి ఉందని ఈ గిన్నెతోనే తెలుస్తుంది. వేరుశనగ మొక్క పుట్టింది దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతంలో అని మొక్కల జన్యు పరిశోధనలు తేల్చాయి. అనంతపురం పొలాల నిండా పండే పంటకు పుట్టిల్లు అది. తెలుగువాళ్లు ఈ హోటల్లో ఒక్కటే తినగలిగితే నేను ఈ సూప్ తినమంటాను. మాంసం ఏది వాడారో అడగడం మరవకండి, తరచూ బీఫ్ ఉంటుంది.

అహియాకో కొలంబియా రాజధాని బొగొతా వాళ్ల సూప్. ఇందులో మూడు రకాల బంగాళదుంపలు పడతాయి. పాపా క్రియోయా అనే చిన్న పసుపు దుంప పూర్తిగా కరిగిపోయి సూప్‌ని చిక్కబరుస్తుంది, మిగతావి ముక్కలుగా నిలుస్తాయి. కోడి, మొక్కజొన్న కండె, గ్వాస్కాస్ అనే ఎండు ఆకు. ఆ ఆకు లేకపోతే అహియాకో కాదని బొగొతా వాళ్లు అంటారు. పక్కన విడిగా క్రీమ్, ఉప్పు నీటిలో ఊరిన కేపర్లు అనే చిన్న మొగ్గలు, అవకాడో, అన్నం వస్తాయి. ముందు ఏదీ కలపకుండా రెండు చెంచాలు తాగండి. తర్వాత క్రీమ్, కేపర్లు వేయండి. చెంచాలో కొంచెం అన్నం తీసుకుని సూప్‌లో ముంచి తినండి. మొక్కజొన్న కండెను చేత్తోనే తీసి తినాలి.

చూన్యో కనిపిస్తే కొంచెమైనా రుచి చూడండి. బొలీవియాలో ఆల్తిప్లానో అనే ఎత్తైన మైదానంలో జూన్, జులై నెలల్లో రాత్రుళ్లు గడ్డకట్టే చలి. ఆ చలిలో బంగాళదుంపలను ఆరుబయట పరుస్తారు. రాత్రి గడ్డకట్టి, పగలు ఎండకు కరుగుతాయి. వాటిని కాళ్లతో తొక్కి నీళ్లు పిండి, మళ్లీ ఆరబెడతారు. ఏళ్ల తరబడి నిలవ ఉండే నల్లటి, తేలికపాటి దుంప తయారవుతుంది. లా పాజ్ వాళ్ల చైరో సూప్‌లో అదే ముఖ్యం. రుచి మట్టి వాసనతో, కొంచెం వగరుగా ఉంటుంది. మొదటిసారి అందరికీ నచ్చదు, అయినా ఆ కొండల్లో మనుషులు శతాబ్దాలుగా బతికింది దీని మీదే.

8. పెద్ద ప్లేట్లు

బందేహా పైసా కొలంబియాలోని ఆంతియోకియా ప్రాంతానిది. రాజ్మా, తెల్ల అన్నం, కైమా లేదా కాల్చిన మాంసం, చిచరోన్ అనే చర్మంతో కూడిన పంది మాంసం వేపుడు, చొరీసో అనే సాసేజ్, గుడ్డు, మదూరోస్, అవకాడో, ఒక చిన్న అరేపా, అన్నీ ఒకే పళ్లెంలో. ఇద్దరు కలిసి తినాల్సిన ప్లేటు. గుడ్డు పచ్చసొనను అన్నం మీద చిదిపి, దాని మీద రాజ్మా పోసి, పక్కన తీపి అరటిపండు ముక్క పెట్టుకుని తింటే ఉప్పూ తీపీ కలిసిన ఆ రుచి తెలుస్తుంది. ఆంతియోకియా అరేపాలో ఉప్పు కూడా సరిగా ఉండదు, అది రాజ్మాలో ముంచి తినడానికి. విడిగా తిని బాలేదనకండి.

సిల్పాంచో కొచబాంబాది. కింద అన్నం, దాని మీద వేయించిన బంగాళదుంప చక్రాలు, దాని మీద కాగితంలా పల్చగా దంచి రొట్టె పొడి అద్ది వేయించిన మాంసం పొర, పైన గుడ్డు, ఆ పైన పచ్చి టమాటా, ఉల్లి, లోకోతో ముక్కలు. మాంసం పొర ప్లేటంత ఉంటుంది. పై నుంచి కిందికి కోసి, ప్రతి ముద్దలో అన్ని పొరలూ వచ్చేలా తినాలి.

పీకె మాచో సాయంత్రం నలుగురు స్నేహితులు కూర్చున్నప్పుడు తెప్పించుకునేది. బంగాళదుంప వేపుడు గుట్ట మీద మాంసం ముక్కలు, సాసేజ్, ఉల్లి, టమాటా, లోకోతో, ఉడికించిన గుడ్డు. అందరూ ఒకే పళ్లెంలోంచి ఫోర్కులతో తింటారు. ఒక్కరి కోసం తెప్పించకండి. కొలంబియన్ వైపు ఇలాంటిది పికాదా.

9. తాగడానికి, తీపికి

కొలంబియన్ హోటల్లో కూల్‌డ్రింక్ తాగడం దండగ. పండ్ల రసాలు అడగండి. ‘నీళ్లతోనా, పాలతోనా?’ అని అడుగుతారు. పుల్లగా ఉండే లూలో, మరకూయా నీళ్లతో బాగుంటాయి. గ్వానాబానా, అంటే మన లక్ష్మణ ఫలం, పాలతో బాగుంటుంది. చల్లటి రోజైతే అగ్వాపనేలా. వేడి నీళ్లలో బెల్లం కరిగించి, నిమ్మరసం పిండి ఇస్తారు, కొన్ని చోట్ల చీజ్ ముక్క కూడా పక్కన పెడతారు. ఆ చీజ్‌ను కప్పులో వేసి, మెత్తబడ్డాక తీసి తినాలి. ప్రపంచంలో బెల్లం ఎక్కువగా చేసే దేశాల్లో మొదటిది భారతదేశం, రెండోది కొలంబియా. అనకాపల్లి బెల్లంతో పెరిగినవాళ్లు ఇది తాగితే కొత్తగా అనిపించదు.

బొలీవియన్ వైపు మొకోచించి ఉంది. ఎండబెట్టిన పీచ్ పండును నానబెట్టి, దాల్చినచెక్కతో ఉడికించి చల్లబరిచిన పానీయం. గ్లాసు అడుగున పండు ఉంటుంది, లోపల గింజ ఉంటుంది. చలికాలం పొద్దున ఆపీ అడగండి, ఊదా రంగు మొక్కజొన్న పిండిని దాల్చినచెక్క, లవంగాలతో కాచింది. దాంతోపాటు పూరీలా పొంగిన, లోపల చీజ్ ఉండే పాస్తెల్ తప్పనిసరి. శాకాహారులకు ఈ జత చాలా బాగుంటుంది. మద్యం తీసుకునేవాళ్లకు సింగానీ ఉంది, ఎత్తైన లోయల్లో పండే మస్కట్ ద్రాక్షతో చేస్తారు. 2023 జనవరిలో అమెరికా దీన్ని బొలీవియాకే చెందిన ప్రత్యేక పానీయంగా గుర్తించింది. అల్లం సోడా, నిమ్మతో కలిపితే దాన్ని చుఫ్లాయ్ అంటారు.

తీపికి బొకదీయో, చీజ్ అడగండి. జామపండు గుజ్జును పంచదారతో గట్టిపడేదాకా ఉడికించి ముక్కలు కోసింది బొకదీయో. ఉప్పు చీజ్‌తో కలిపి తినాలి. కాఫీ కావాలంటే ‘తింతో’, పాలు లేకుండా వస్తుంది.

10. బిల్లు, పార్సిల్

తినడం అయిపోయినా బిల్లు దానంతట అది రాకపోవచ్చు. కూర్చున్నవాళ్లను లేపినట్టు ఉంటుందని అడిగేదాకా తేరు. ‘లా క్వెంతా, పోర్ ఫవోర్’ అనండి. అమెరికాలో టిప్పు పద్దెనిమిది నుంచి ఇరవై శాతం ఇవ్వడం మర్యాద. పెద్ద గుంపుగా వెళ్తే బిల్లులోనే కలిపి ఉండొచ్చు, చూసుకుని ఇవ్వండి. చిన్న హోటళ్లలో కార్డుకి అదనపు రుసుము ఉండే అవకాశం ఉంది కాబట్టి కొంత నగదు దగ్గర పెట్టుకోండి.

జులై 20 కొలంబియా స్వాతంత్ర్య దినం, ఆగస్టు 6 బొలీవియాది. ఆ రోజులకు దగ్గరి శని, ఆదివారాల్లో హోటళ్లు కిక్కిరిసిపోతాయి. నాట్యం, సంగీతం చూడాలనుకుంటే అప్పుడే వెళ్లండి, కాకపోతే టేబుల్ ముందే చెప్పుకోండి. చిన్నపిల్లలతో, నింపాదిగా మెనూ అడిగి తెలుసుకోవాలనుకుంటే వేరే వారం మంచిది.

ఉత్తర వర్జీనియా దూరమైతే న్యూయార్క్‌లో క్వీన్స్ ఉంది. జాక్సన్ హైట్స్‌లో 74వ వీధి భారతీయ దుకాణాలకు సరుకులకని వెళ్లేవాళ్లు రూజ్‌వెల్ట్ అవెన్యూ వైపు కొంచెం నడిస్తే కొలంబియన్ బేకరీలు, హోటళ్లు వరసగా వస్తాయి.

పార్సిల్ తీసుకుంటే సూప్ మీదికి వచ్చే వేపుడు, అన్నం, ల్యాహ్వా విడి డబ్బాల్లో పెట్టించుకోండి. అరేపాను ఇంట్లో మూత లేని పెనం మీద రెండు వైపులా కాల్చండి. సాల్తేన్యాలను కొన్ని చోట్ల కాల్చకుండా, ఫ్రీజ్ చేసినవి కూడా అమ్ముతారు, ఉన్నాయేమో అడిగి ఒక డజను తెచ్చుకోండి. మైక్రోవేవ్‌లో పెడితే పిండి తోలులా సాగుతుంది, రసం ఎక్కడో పగిలి కారిపోతుంది. ఓవెన్‌ను ముందే బాగా వేడిచేసి, కరగనివ్వకుండా ఫ్రీజర్ నుంచి నేరుగా, జడ పైకి ఉండేలా నిలబెట్టి పెట్టండి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది ఆ హోటల్ వాళ్లనే అడిగి కవర్ మీద రాయించుకోండి, ఎందుకంటే ఒక్కొక్కరి పిండి మందం ఒక్కోలా ఉంటుంది.